చదువుకొను కోడలును, ఆదివారపు తీపివంటయును

తపతీనది సముద్రములో కలియుచోట, సూరతు నగరమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున హజీరా కలదు. ఒకప్పుడిది తీరమునందలి కొన్ని పల్లెల సముదాయము మాత్రమే. నేడచ్చట ఎరువుల కర్మాగారము, ఉక్కు కర్మాగారము, సహజవాయువును శుద్ధిచేయు కేంద్రము, ఓడరేవు వెలసినవి. దేశముయొక్క నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చి అచ్చట కాపురముండుచున్నారు. వారిలో తెలుగువారును కలరు. సూరతు నగరమునందు, ముఖ్యముగా లింబాయతు ప్రాంతమున, తెలంగాణ జిల్లాలనుండి మగ్గముల పనికై వచ్చిన నేతకుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. సూరతు నగరపాలక సంస్థ నడపు పాఠశాలలలో తెలుగున బోధించునవి కూడ కలవు.

ఇట్టి కుటుంబములలో కుమారునకు వివాహమైనప్పుడు, కోడలు తరచుగా స్వస్థలమునుండి వచ్చును. ఆమెకు పందొమ్మిదేండ్లో, ఇరువదేండ్లో ఉండును. డిగ్రీ చదువు సగములో ఉండును. భాష క్రొత్త, ఊరు క్రొత్త, వంటయిల్లు క్రొత్త. పెండ్లిచూపులనాడు "అమ్మాయిని చదివించెదము" అని పెద్దలు మాటయిచ్చియుందురు. ఆ మాటలో కపటము లేదు. అయినను ఏడాది తిరుగకమున్నే అనేక గృహములలో ఆ చదువు ఆగిపోవుచున్నది. "మానుము" అని ఎవరును చెప్పరు. ఒకనాడు చుట్టములు వచ్చిరని, ఒకనాడు పండుగ అని, ఒకనాడు ఒంట్లో నీరసముగా ఉన్నదని కళాశాల తప్పును. హాజరు తగ్గును. పరీక్ష తప్పును. తరువాత బిడ్డ పుట్టును. పుస్తకములు అటకమీదికి చేరును.

ఇది చదువునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఆమె నిద్రకు, ఆమె రక్తమునకు, పుట్టబోవు బిడ్డ బలమునకు సంబంధించిన విషయము. కావుననే ఆరోగ్యమును గూర్చిన ఈ వ్యాసమునందు కళాశాలను గూర్చియు, వంటయింటిని గూర్చియు, ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు కలిసి చేసికొనదగిన మూడు తీపివంటలను గూర్చియు చెప్పుచున్నాము. కోడలి చదువు ఆమె ఒక్కతె నేర్పుతో నిలుచునది కాదనియు, ఇంటివారందరు గంటలను పంచుకొన్నప్పుడే నిలుచుననియు తెలియజేయుటయే మా ఉద్దేశము.

వివాహమునకు తగిన వయస్సు

మొదట చట్టమును తెలిసికొందము. 1929లో వచ్చిన శారదా చట్టము బాలికలకు కనీస వివాహవయస్సు 14 ఏండ్లని నిర్ణయించినది. 1949లో దానిని 15కు, 1978లో 18కి పెంచిరి. 2006నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము స్త్రీకి 18, పురుషునకు 21 ఏండ్లు నిండక చేయు పెండ్లి నేరము. అట్టి పెండ్లిని జరిపించినవారును, ప్రోత్సహించినవారును శిక్షార్హులు.

చట్టమున్నను ఆచారము ఇంకను పూర్తిగా మారలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో 18 నిండకమున్నే పెండ్లియైనవారు దేశమున నూటికి సుమారు 23 మంది అని తేలినది. గుజరాతులో సుమారు 22 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 29 మంది. కనుక మొదటి సలహా ఇది: వీలున్నంతవరకు డిగ్రీ ముగిసిన పిమ్మటనే వివాహము చేయుడు. 18 నిండుట చట్టమునకు కనీసపు హద్దు మాత్రమే. ఆ దినముననే పెండ్లి చేయవలెనని దాని అర్థము కాదు. అయితే చదువు నడుమ ఇదివరకే వివాహమైనవారికి దారి మూసికొనిపోలేదు. వారిని గూర్చియే ఈ క్రింది మాటలు.

సూరతులో పనిచేసిన ఒక వైద్యురాలు

ఈ విషయమున సూరతు నగరము గర్వింపదగిన చరిత్ర యొకటి కలదు. రుక్మాబాయి 1864లో బొంబాయిలో జన్మించెను. పదునొకండేండ్లకే ఆమెకు వివాహము చేసిరి. ఆమె పుట్టినింటనే ఉండి చదువుకొనుచుండగా, తన యింటికి కాపురమునకు రావలెనని భర్త 1884లో న్యాయస్థానమును ఆశ్రయించెను. తెలివి తెలియని వయస్సులో తన సమ్మతిలేక జరిగిన పెండ్లికి తాను కట్టుబడనని ఆమె వాదించెను. మొదటి న్యాయమూర్తి ఆమె పక్షమున తీర్పు చెప్పెను. అటుపిమ్మట 1887లో, ఆమె భర్తవద్దకు పోవలెను, లేనిచో ఆరునెలలు కారాగారమున ఉండవలెనని తీర్పు వచ్చెను. కారాగారమునకే పోయెదనని ఆమె చెప్పెను. 1888లో వివాదము రాజీతో ముగిసెను. ఆమె ఇంగ్లండునకు పోయి లండనులోని స్త్రీల వైద్యకళాశాలలో చదివి, వైద్యురాలై తిరిగివచ్చి, ఇరువదేండ్లకు పైగా సూరతులోని స్త్రీల ఆసుపత్రిలో పనిచేసెను. 1955లో, తొంబదియొకటవ ఏట ఆమె మరణించెను. 1891లో వచ్చిన సమ్మతివయస్సు చట్టమునకు దారితీసిన చర్చలలో ఆమె వ్యాజ్యము ముఖ్యమైనది.

తెలుగునాట దుర్గాబాయి దేశముఖ్‌గారి జీవితమును ఇట్టిదే. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఆమెకు ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిరి. పెద్దదైన పిమ్మట ఆమె ఆ వివాహబంధమునుండి వెలువడి, జాతీయోద్యమమున పాల్గొని చెరసాలలకు పోయి, తరువాత ప్రైవేటుగా చదివి పరీక్షలు ఇచ్చి, న్యాయవాది అయ్యెను. రాజ్యాంగసభలో సభ్యురాలయ్యెను. నడుమ చదువాగిన స్త్రీల కొరకు కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో సంక్షిప్త విద్యాక్రమములను ప్రారంభించినది ఆమె అధ్యక్షతలోనే. ఆగిన చదువును మరల పట్టుకొనవచ్చునని తన అనుభవముననే ఆమె ఎరుగును.

వీరిద్దరును అసాధారణ స్త్రీలు. వారివలె న్యాయస్థానములతోను, చెరసాలలతోను పోరాడవలసిన అవసరము నేటి కోడలికి రాకూడదు. నేటి కోడలికి కావలసినది దినమునకు కొన్ని గంటలు మాత్రమే.

ఇరువదినాలుగు గంటల లెక్క

హజీరాలోని ఒక ఇంటిని ఊహించుకొందము. అత్తగారు, మామగారు, కర్మాగారములో షిఫ్టు పనిచేయు భర్త, పండ్రెండవ తరగతి చదువు మరిది, డిగ్రీ రెండవ సంవత్సరమున ఉన్న కోడలు. కళాశాల సూరతులో. రానుపోను బస్సులో రెండు గంటలు. కళాశాలలో ఆరు గంటలు. నిద్రకు ఏడు గంటలు తగ్గరాదు. ఇంట చదువుకొనుటకు మూడు గంటలు. స్నానము, భోజనము మొదలగువానికి రెండు గంటలు. మొత్తము ఇరువది గంటలు. మిగిలినవి నాలుగు.

ఆ నాలుగు గంటలలోనే ఇంటిపనిలో ఆమె వంతు ఇమడవలెను. ఉదయము ఫలహారము, క్యారియరు కట్టుట, సాయంకాలము వంట, అంట్లు, బట్టలు అన్నియు ఆమెయే చేయవలసివచ్చినచో ఆరేడు గంటలు పట్టును. ఆ ఎక్కువైన గంటలు ఎచ్చటినుండి వచ్చును? కళాశాల గంటలు తగ్గించుట ఆమె చేతిలో లేదు. బస్సు వేగము పెంచుట ఎవరి చేతిలోను లేదు. కనుక మొదట నిద్ర తగ్గును, తరువాత చదువు తగ్గును. నిద్ర తగ్గిన మనిషి ఉదయము సరిగా తినక పరుగెత్తును. తినక పరుగెత్తినవారికి నీరసము వచ్చును. ఆ నీరసమును చూచి ఇంటివారు జాలితో, "పోనీ, ఈ ఏడు చదువు మానుకోరాదా అమ్మా" అందురు. జబ్బు ఒకటి, మందు వేరొకటి అయినది.

ఈ లెక్కను ప్రతి ఇంటివారును ఒకసారి కాగితముమీద వ్రాసికొనుట మంచిది. ఎవరు ఎన్ని గంటలు పనిచేయుచున్నారో, ఎవరు ఎన్ని గంటలు నిద్రించుచున్నారో వ్రాసినయెడల వాదనతో పనిలేకయే నిజము బయటపడును.

తీపివంట భారమా, వేడుకయా?

క్రొత్త కోడలి చేతి తీపి తినవలెనని ఇంటివారికి కోరిక ఉండుట సహజము. ఆ కోరిక తప్పు కాదు. కాని వారము నడుమ సాయంకాలము ఆరు గంటలకు "నలుగురు వచ్చుచున్నారు, ఏదైన తీపి చేయమ్మా" అన్నప్పుడు, రేపటి పరీక్షకు తెరచిన పుస్తకము మూయవలసివచ్చును. బూరెలు, అరిసెలు, జంతికలు చేయువారు పొయ్యియొద్దనుండి కదలుటకు వీలులేదు. నూనె కాగుచుండగా చేత పుస్తకము పట్టరాదు.

ఓవెనులో కాల్చు తీపివంటకములకు ఈ చిక్కు తక్కువ. పిండి కలుపుటకు పావుగంట చాలును. కాలుచుండగా ప్రక్కనే కూర్చుండి చదువుకొనవచ్చును. ఒకసారి చేసినవి కొన్ని దినములు నిలువయుండును. ఆదివారము ఒక రెండు గంటలు ఇంటిల్లిపాదియు కలిసి ఈ పని చేసికొన్నచో, వారమంతయు డబ్బాలో తీపి సిద్ధముగా ఉండును. ఎవరు వచ్చినను కోడలు పుస్తకము మూయనక్కరలేదు.

కాల్చిన తీపి సూరతువారికి క్రొత్తదేమియు కాదు. 17వ శతాబ్దమున డచ్చి వర్తకులు ఈ నగరమున వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. వారి రొట్టెల బట్టీలో పనిచేసిన పారశీకులే వారు వెడలిన పిమ్మట దానిని నడిపిరనియు, సూరతు బిస్కత్తులును, నాన్‌ఖటాయియు ఆ పరంపరలో ప్రసిద్ధికి వచ్చినవనియు ఇచ్చటివారు చెప్పుదురు. మనవారికిని ఈ పద్ధతి తెలియనిది కాదు. దిబ్బరొట్టెను మూకుటిలో పోసి, మూతపైన నిప్పులు పెట్టి, పైనుండియు క్రిందినుండియు కాల్చిన అవ్వలు మన ఇండ్లలో ఉండిరి. ఓవెను చేయు పనియు అదియే.

ఓవెను లేనివారు పాత ప్రెషరు కుక్కరును వాడుకొనవచ్చును. లోపల రెండంగుళముల మందమున ఉప్పుగాని, శుభ్రమైన ఇసుకగాని పోసి, పైన చిన్న స్టాండు ఉంచవలెను. మూతకున్న రబ్బరు వలయమును, పైనున్న బరువును తప్పక తీసివేయవలెను. నీరు పోయరాదు. మూతపెట్టి పది నిమిషములు సన్నని మంటపై వేడిచేసిన పిమ్మట పిండి గిన్నెను స్టాండుపై ఉంచవలెను. ఓవెనులోకంటె పది నిమిషములు ఎక్కువ పట్టును. వేడి గిన్నెలను పట్టుకొనుటకు మందపు గుడ్డ వాడవలెను. చీరకొంగుతోగాని, చున్నీతోగాని పట్టరాదు.

మూడు వంటకములు

1. రాగి నాన్‌ఖటాయి. గోధుమపిండి 100 గ్రాములు, రాగిపిండి 50 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, నెయ్యి 90 గ్రాములు, మెత్తని చక్కెరపొడి 80 గ్రాములు, బేకింగు పౌడరు అర చెంచా, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కావలెను. నేతిని, చక్కెరను తెల్లబడువరకు చేతితో గిలకొట్టవలెను. పిండులను, బేకింగు పౌడరును కలిపి జల్లించి, అందులో వేసి మృదువుగా కలుపవలెను, రొట్టెపిండివలె పిసుకరాదు. విడిపోవుచున్నచో ఒక చెంచా పాలు చేర్చవచ్చును. ఇరువది ఉండలు చేసి, కొంచెము అదిమి, ఎడమెడముగా పళ్ళెములో అమర్చి, 165 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 18 మొదలు 20 నిమిషములు కాల్చవలెను. తీసిన వెంటనే మెత్తగా ఉండును. చల్లారిన పిమ్మట గట్టిపడును. గాలి చొరని డబ్బాలో పదిదినములు నిలువయుండును. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ గనుక మూత బిగువుగా ఉండుట ముఖ్యము. రాగులను గుజరాతీలు "నాగలి" అందురు; సూరతునకు తూర్పున ఉన్న డాంగు జిల్లాలో ఇవి పండును. 100 గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాములకు దరిదాపుగా కాల్షియము ఉండును. ఒక్కొక్క నాన్‌ఖటాయిలో సుమారు 90 క్యాలరీలు, 4 గ్రాముల చక్కెర ఉండును. మనిషికి రెండు చాలును.

2. అరటిపండు కేకు. బాగుగా మాగిన అరటిపండ్లు రెండు, గోధుమపిండి 150 గ్రాములు, బెల్లపు తురుము 80 గ్రాములు, పెరుగు 100 మిల్లీలీటర్లు, నూనె 50 మిల్లీలీటర్లు, బేకింగు పౌడరు ఒక చెంచా, వంటసోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, వేయించిన నువ్వులు రెండు చెంచాలు కావలెను. పండ్లను మెదిపి, బెల్లము, పెరుగు, నూనె కలుపవలెను. పిండి, బేకింగు పౌడరు, సోడా, ఉప్పు జల్లించి అందులో చేర్చి, పొడిపిండి కనబడనంతవరకు మాత్రమే కలిపి, నూనె రాచిన గిన్నెలో పోసి, పైన నువ్వులు చల్లవలెను. 170 డిగ్రీల వేడిలో 35 మొదలు 40 నిమిషములు కాల్చవలెను. నడుమ పుల్లగ్రుచ్చి చూచినచో పిండి అంటకుండ రావలెను. పది ముక్కలగును. బయట ఒకటి రెండు దినములు, ఫ్రిజ్జులో నాలుగు దినములు నిలువయుండును. బూజు కనబడిన ముక్కను గీచివేసి మిగిలినది తినుట ప్రమాదము, మొత్తము పారవేయవలెను.

3. గ్రుడ్డు పాల జున్ను. పాలు అర లీటరు, గ్రుడ్లు నాలుగు, చక్కెర 50 గ్రాములు, ఏలకుల పొడి కావలెను. గోరువెచ్చని పాలలో చక్కెర కరగించి, గిలకొట్టిన గ్రుడ్లను కలిపి, వడగట్టి, ఆరు చిన్న గిన్నెలలో పోయవలెను. ఆ గిన్నెలను లోతైన పళ్ళెములో ఉంచి, సగమువరకు వేడినీరు పోసి, 160 డిగ్రీల వేడిలో 40 నిమిషములు కాల్చవలెను. నడుమ భాగముకూడ గట్టిపడువరకు ఉడుకవలెను, పచ్చిగ్రుడ్డు తినరాదు. చల్లారిన పిమ్మట ఫ్రిజ్జులో ఉంచి రెండు దినములలో తినవలెను. పాలు, గ్రుడ్లు మంచి మాంసకృత్తులనిచ్చును. నెలలు నిండుచున్న స్త్రీకిని, బాలింతకును, ఎదుగు పిల్లలకును ఇది మేలైన తీపి.

ఈ మూటిని ఎవరు చేయవలెను? తూచుట, జల్లించుట భర్త చేయవచ్చును. ఉండలు కట్టుట మరిది చేయవచ్చును. నెయ్యి, చక్కెర ఎంత తెల్లబడవలెనో అత్తగారి చేయి ఎరుగును, ఆమె చూపవచ్చును. గిన్నెలు కడుగుట తిన్నవారందరి పని. ఈ విధముగా చేసినయెడల కోడలి వంతునకు అరగంట మాత్రమే వచ్చును.

చక్కెర, బెల్లము, వనస్పతి

ఇంట చేసినది గనుక ఎంత తినినను మేలేయని తలంపరాదు. దినమునకు 2000 క్యాలరీల ఆహారము తీసికొనువారు విడిగా చేర్చిన చక్కెరను 50 గ్రాములకు మించనీయరాదనియు, 25 గ్రాములకు లోపుగా ఉంచుట ఇంకను మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. టీలో వేసికొను చక్కెర కూడ ఈ లెక్కలోనిదే. బెల్లము రంగు వేరైనను అదియు చక్కెరయే. బెల్లము తినినంతమాత్రమున రక్తహీనత తీరదు. మధుమేహమున్నవారికి అది మంచిదనుట కూడ సరికాదు.

నాన్‌ఖటాయికి వనస్పతి వాడుట అంగళ్ళలో వాడుక. నూనెను గడ్డకట్టించునపుడు పుట్టు ట్రాన్స్ కొవ్వులు గుండెకు హానికరములు. నూనెలలోను, కొవ్వులలోను ఇవి 2 శాతమునకు మించరాదని 2022 జనవరినుండి మన దేశమున నియమము అమలులోనున్నది. ఇంట చేసికొనునపుడు నెయ్యిగాని, మామూలు నూనెగాని మితముగా వాడుటయే మేలు.

నీరసము వెనుకనున్న కారణము

కోడలు త్వరగా అలసిపోవుచున్నచో, మెట్లెక్కునపుడు ఆయాసపడుచున్నచో, తలతిరుగుచున్నదనుచున్నచో ఆమెను సోమరి అనరాదు. చదువు భారమైనదనియు అనరాదు. రక్తపరీక్ష చేయించవలెను. పైన చెప్పిన సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి 57 మందికి, గుజరాతులో నూటికి 65 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. గర్భవతి కాని స్త్రీ రక్తములో హిమోగ్లోబిను డెసిలీటరునకు 12 గ్రాములకు, గర్భవతికి 11 గ్రాములకు తగ్గినచో అది రక్తహీనత.

2018లో ఆరంభమైన రక్తహీనతా నిర్మూలన కార్యక్రమము క్రింద యువతులకును, స్త్రీలకును వారమునకొక ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్ర ఉచితముగా ఇచ్చుచున్నారు. గర్భము వచ్చిన పిమ్మట నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 దినములు వేసికొనవలెను. కాన్పైన పిమ్మటను 180 దినములు వేసికొనవలెను. ఈ మాత్రలను భోజనమైన గంటకు నీటితో వేసికొనవలెను. టీతోగాని, పాలతోగాని వేసికొనరాదు. భోజనముతో టీ త్రాగు అలవాటు ఆహారములోని ఇనుము ఒంటబట్టకుండ చేయును. తోటకూర, పప్పుదినుసులు, మాంసము, చేప తినుట, వానితో నిమ్మరసముగాని ఉసిరికాయగాని చేర్చుకొనుట మేలు. అందరికంటె చివర, మిగిలినది తినుట కోడలి ధర్మమను వాడుక రక్తహీనతకు పెద్ద కారణములలో ఒకటి. ఆమె అందరితోపాటు కూర్చుండి తినవలెను.

తొలి కాన్పు

పెండ్లియైన నాలుగు నెలలకే "విశేషమేమైన ఉన్నదా?" అని అడుగువారు మన ఇండ్లలో కొదువలేదు. ఇరువదేండ్లలోపు వచ్చు కాన్పులో తల్లికి రక్తపుపోటు, గుర్రపువాతము వంటి ప్రమాదములును, బిడ్డ తక్కువ బరువుతో పుట్టుటయు ఎక్కువ. కనుక ఆమెకు ఇరువదేండ్లు దాటి, చదువు ముగియువరకు తొలి కాన్పును వాయిదావేయుట ఆమెకును, బిడ్డకును క్షేమము. ఈ నిర్ణయము భార్యాభర్తలిద్దరిది.

ఇందుకు సాధనములు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించును: కండోములు, దినమునకొకటి చొప్పున వేసికొను మాలా-ఎన్ మాత్రలు, మొదటి మూడునెలలు వారమునకు రెండు, తరువాత వారమునకొకటి చొప్పున వేసికొను ఛాయ మాత్రలు, మూడునెలలకొకసారి వేయు అంతర సూది, కాపర్-టి. ఎవరికేది తగునో వైద్యులుగాని, నర్సుగాని పరీక్షించి చెప్పుదురు. వీనివలన తరువాత సంతానము కలుగదను భయము నిరాధారము. సూది మానిన పిమ్మట గర్భము వచ్చుటకు కొన్ని నెలలు ఆలస్యము కావచ్చును, అంతే. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు అత్తగారు కోడలితో ఏకాంతముగా మాటలాడుటకు అవకాశమిచ్చుట మేలు.

బిడ్డను కోరుకొన్నప్పుడు, గర్భము రాకమునుపే ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఆరంభించినచో బిడ్డ వెన్నుపాము లోపములు చాలవరకు తప్పును.

చదువు నడుమ ఆగినచో

ఎంత జాగ్రత్త పడినను ఒక్కొక్కప్పుడు చదువు ఆగవలసివచ్చును. అది శాశ్వతముగా పోయినట్లు కాదు. వివాహిత విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో మినహాయింపు ఇచ్చుటకు నియమములు చేసికొనవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయములకు వ్రాసినది. కావున గర్భవతియైన విద్యార్థిని పేరు కొట్టివేయించుకొనకమున్నే ప్రిన్సిపాలుగారిని కలిసి వ్రాతపూర్వకముగా కోరవలెను.

2020 జాతీయ విద్యావిధానము ప్రకారము ఒక సంవత్సరము ముగించినవారికి సర్టిఫికెట్టు, రెండు సంవత్సరములు ముగించినవారికి డిప్లొమా, మూడు సంవత్సరములకు డిగ్రీ ఇచ్చు ఏర్పాటు ఉన్నది. ఉత్తీర్ణమైన పాఠ్యాంశముల క్రెడిట్లు విద్యార్థి పేర నిలువయుండును. తిరిగివచ్చినప్పుడు వానినుండి కొనసాగించవచ్చును. ఈ ఏర్పాటు తమ కళాశాలలో ఎట్లున్నదో ముందుగా అడిగి తెలిసికొనవలెను.

ఇంటినుండియే చదువగోరువారికి హైదరాబాదులోని డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982లో స్థాపితమైన ఇది దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. తెలుగు మాధ్యమమున డిగ్రీ చదువవచ్చును. గుజరాతులో స్థిరపడినవారికి అహమదాబాదులో డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1985లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు దేశమంతట అధ్యయన కేంద్రములు కలవు.

ఇంటివారి కర్తవ్యము

అత్తగారికి ఒక మాట. మీరును ఒకనాడు క్రొత్త కోడలుగా వచ్చినవారే. ఆనాడు మీ చేతినుండి పుస్తకము జారియుండవచ్చును. ఈనాడు ఈ అమ్మాయి చేతి పుస్తకమును నిలుపుట మీకు సాధ్యము. పరీక్షల దినములలో "నేను చూచుకొందును, నీవు చదువుకో అమ్మా" అను ఒక్క మాట ఆమెకు పెక్కు మందులకంటె మేలుచేయును.

భర్తకు ఒక మాట. భార్య చదువునకు రుసుము కట్టుటతో మీ కర్తవ్యము తీరదు. షిఫ్టు లేని పూట వంటయింట నిలిచి ఒక గంట పనిచేయుడు. ఆ గంట ఆమెకు చదువుగానో, నిద్రగానో మారును. సంతానమును గూర్చి చుట్టములు అడుగునపుడు సమాధానము మీరు చెప్పుడు, ఆమెను చెప్పనీయవలదు.

కోడలికి ఒక మాట. అలసటను దాచుకొనవలదు. నిద్ర చాలనినాడు, ఆకలియైననాడు, నెలసరిలో రక్తము అధికముగా పోవునాడు నోరువిప్పి చెప్పుము. ఎవరైనను కొట్టినను, చదువు మాన్పించుటకు బెదిరించినను 181 అను స్త్రీల సహాయసంఖ్యకు ఫోను చేయవచ్చును. 18 నిండని బాలికకు పెండ్లి చేయుచున్నారని తెలిసినచో 1098కి తెలుపవచ్చును.

రాబోవు ఆదివారమునాడు కాగితముపై ఇంటి గంటల లెక్క వ్రాయుడు. పొయ్యి వెలిగించి ఒక పళ్ళెమెడు నాన్‌ఖటాయిలు అందరు కలిసి కాల్చుడు. అవి కాలునట్టి ఇరువది నిమిషములు కోడలు ఒక పాఠము చదువుకొనుగాక. సోమవారము ఉదయము ఆమె కళాశాల బస్సు ఎక్కునపుడు, రెండు నాన్‌ఖటాయిలు క్యారియరులో పెట్టి చేతికిచ్చువారు ఆ ఇంట ఎవరైనను కావచ్చును.